పదకొండో టిక్కు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: తనకు వినపడని చోట తన పిల్ల ఏడుస్తుందేమోనని.

దొంగలంటే ఆమెకు అంత భయం లేదు, ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఏమీ లేదు కనుక. అత్తగారంటే ఉంది గాని, అది పాత చెప్పులా అలవాటైపోయింది. పిల్ల ఏడుపు సంగతి అలా కాదు. కుళాయి కారినా, తలుపు కిర్రుమన్నా, పై వాటాలో ఎవరో కుర్చీ జరిపినా ఆమె చెవులకు అది ఏడుపే. రెండేళ్ళ కూతురు గువ్వ పక్కలోనే పడుకుని సన్నగా గుర్రు పెడుతుంటే కూడా, ఇంకెక్కడో ఇంకో గువ్వ ఏడుస్తున్నట్టే ఉండేది. లేచి కూర్చుని పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వెచ్చటి ఊపిరి తగిలాక పడుకునేది. పడుకున్నాక, తగిలింది ఊపిరో తన వేలి వేడో అని మళ్ళీ లేచేది.

"నీ చెవులకి పనీ పాటా లేదే అమ్మాయ్" అనేవారు అత్తగారు. "ఉన్న పిల్ల ఏడిస్తే చూడు చాలు. లేని ఏడుపుల్ని కూడా నువ్వే మొయ్యాలా?"

ఆమె చదువు పదో తరగతి మధ్యలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందని ఎవరైనా అడిగితే "ఆగింది" అనేది, వాన ఆగిందన్నట్టు. నాలుగు వీధుల అవతల ఒక సందు చివరి దుకాణంలో పనికి కుదిరింది. అక్కడ తలుపుల తాళాలు తీసి మూసే కరెంటు పెట్టెలు తయారుచేస్తారు. ముగ్గురే మనుషులు: ఓనరు, అరవై దాటిన ఇంజనీరు, ఈమె. చేరిన కొత్తలో ఆమె పని పెట్టెల్ని స్పాంజిలో చుట్టి అట్టడబ్బాల్లో సర్దడం. తర్వాత కుర్ర ఇంజనీరు ఒకడు మంచి ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోతే, అతని కుర్చీ ఖాళీగా ఉండటం చూడలేక పెద్ద ఇంజనీరు ఆమెను పిలిచి అందులో కూర్చోబెట్టాడు. ఆయన్ని ఆమె బాబాయి గారూ అనేది. ఆయన ఆమెను ఏమీ అనేవాడు కాదు. తల ఎత్తకుండానే "ఇదిగో" అనేవాడు.

పని పైకి చూడటానికి సులువే. ఒక్కో పెట్టెలో చీటీపేకలో ముక్కంత బోర్డు ఒకటి. దాని మీద వేలిగోరంత మెమరీ. అందులో పట్టేటంత బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్‌ని మూటకట్టి ఎక్కించాలి. ఇళ్ళల్లో ఉండే కంప్యూటర్లలో లోకంలోని సామానంతటికీ డ్రైవర్లు ముందే పడి ఉంటాయి. ఈ పెట్టెలో అంత చోటు లేదు. అందుకని తెర మీద పొడుగాటి జాబితా వస్తుంది. ప్రతి డ్రైవర్ ప్యాకేజీ పక్కనా ఒక చిన్న గడి. కావలసినదానికి టిక్కు ఉంచాలి, అక్కర్లేనిదానికి తీసెయ్యాలి.

"డ్రైవర్ అంటే బండి తోలేవాడనుకునేవు" అన్నాడు బాబాయి గారు మొదటిరోజు. "ఇక్కడ డ్రైవర్ అంటే మాట మోసేవాడు. సిస్టమ్‌కి తాళం భాష రాదు, తాళానికి సిస్టమ్ భాష రాదు. మధ్యలో వీడు అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరేస్తుంటాడు. అత్తకీ కొడుక్కీ మధ్య కోడల్లాగ."

"కోడలి మాట ఎవరూ వినరు కదా బాబాయి గారూ?"

"అందుకే పెట్టెలు పాడవుతాయి."

ఆయన నవ్వగా ఆమె చూడలేదు గాని, ఆ రోజు మాత్రం ముక్కు కొంచెం కదిలింది. ఆ తర్వాత ఒక సంగతి వేలు చూపించి మరీ చెప్పాడు: "ఒక తాళానికి ఒక్కడే డ్రైవర్. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇద్దర్ని పెట్టావో, ఎవడు ముందు నిద్ర లేస్తే వాడిదే రాజ్యం."

ఇంకో సంగతి కూడా ఆయనే నేర్పాడు. పని మధ్యలో ఆమె గంటకోసారి చెవులు రిక్కించి "ఎవరో ఏడుస్తున్నట్టు లేదూ?" అని లేచి వాకిట్లోకి వెళ్ళేది. వారం రోజులు ఓర్చుకుని ఆయన ఒకనాడు అన్నాడు: "ఇదిగో, చూడు. ఏదైనా వినపడిందనుకో, కదలకు. పది లెక్కపెట్టు. నిజం శబ్దమైతే పది తర్వాత కూడా ఉంటుంది. లేదంటే అది నీ లోపలి భయం. దాన్ని పట్టించుకోకు, ఊరుకుంటుంది." ఆమె లెక్కపెట్టడం మొదలెట్టింది. నిజంగానే ఎప్పుడూ పది దాటేది కాదు. అంతకన్నా పెద్ద వైద్యం ఆమెకు ఏ డాక్టరూ చెయ్యలేదు.

ఆ శనివారం పొద్దుటి పథకం చాలా చిన్నది. పదింటికల్లా, పగటిపూట గువ్వని వదిలే క్రెష్ తలుపుకు కొత్త పెట్టె బిగించాలి. మధ్యాహ్నానికి దుకాణం మూత. పిల్లని చంకనేసుకుని ఇంటికి. ఆదివారం ఎలాగూ సెలవు. ఆకాశం మాత్రం తెల్లారుతూనే మసిగుడ్డలా ఉంది. సన్నటి వాన, పడాలా వద్దా అన్నట్టు పడుతోంది.

ఆమె దుకాణంలో అడుగుపెట్టేసరికి ఓనరూ బాబాయి గారూ అప్పటికే మాటామాటా అనుకుంటున్నారు.

"రెండు రోజులు పరీక్ష చెయ్యకుండా పెట్టెని పిల్లల తలుపుకి పెట్టకూడదండీ. నేను ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను."

"నేనూ నాలుగుసార్లు విన్నాను. పదింటికి పెడతానని వాళ్ళకి మాటిచ్చాను."

"మాట మీరిస్తారు, నిలబెట్టాల్సింది నేను. ఇలాగైతే సోమవారం నించి నేను రాను."

"రాకపోతే మానెయ్యండి! ఎవరాపారు? తలుపు తీసే ఉంది!"

బాబాయి గారు సంచీ భుజానికి తగిలించుకున్నాడు. ఆ సంచీ ఎప్పుడూ ఆయనతోనే ఉంటుంది. అందులో మీటరు, స్క్రూడ్రైవర్లు, మంచినీళ్ళ సీసా, అన్నం డబ్బా, ఒక తువ్వాలు, మడత గొడుగు. నత్త ఇల్లు మోసుకున్నట్టు సంచీని మోసుకుంటూ ఆయన ఆమె దగ్గరికొచ్చి ఒక నోటు పుస్తకం తెరిచి పెట్టాడు.

"ఇదిగో. సరుకులు పాడవకుండా దాచే చల్లగదికి చేసిన పాత పెట్టె జాబితా ఉంది కదా, దాన్నే కాపీ చేశాను. ఈ పదకొండూ తీసెయ్. పిల్లల గది తాళం డ్రైవర్ కొత్తగా కలిపాను, దాన్ని ముట్టుకోకు. మూటకట్టి రెండు పెట్టెల్లోకీ ఎక్కించు, పరీక్ష పెట్టెలోకీ, క్రెష్ పెట్టెలోకీ. నేను గదిలో తాళం దగ్గర మీటరు చూస్తుంటాను."

పరీక్ష గది అంటే వెనకటి స్టోర్ రూము. మందపాటి తలుపు, దానికి క్రెష్ తలుపు లాంటి తాళమే, కిటికీ లేదు, పైన గాలి కోసం చిన్న జాలీ. లోపల ఒక లైటు, ఒక కుర్చీ, అవసరమైతే బయటి పెట్టెలో గంట మోగించడానికి ఒక బొత్తాం. సెల్‌ఫోను దగ్గరుంటే మీటరు అబద్ధం చెబుతుందని ఆయన తన ఫోన్‌ని నోరు నొక్కి బల్ల మీద కాగితాల కింద పెట్టి వెళ్ళేవాడు. ఆ రోజూ అలాగే పెట్టాడు. లోపలికి వెళ్ళి తలుపు చేరవేసుకున్నాడు.

ఆమె టిక్కులు తీయసాగింది. ఇంగ్లీషు పేర్లు పూర్తిగా చదవలేదు గాని, ఆకారాన్ని బట్టి గుర్తుపట్టేది. పొడుగుతోక, తీసేసింది. మూడు గీతలది, తీసేసింది. రెండు కొమ్ములది, నడుం విరిగినది. అలా పది. పదకొండోదాని ఎదురుగా బాబాయి గారు తెలుగులో రాసి పెట్టాడు: "చల్లగది తాళం."

అక్కడ ఆమె వేలు ఆగింది.

తీసెయ్యాలంటే చెయ్యి రాలేదు. అవతల ఉన్నది గువ్వ. గువ్వ క్రెష్ వాకిలికి, బస్సులు తిరిగే రోడ్డుకి మధ్య నాలుగే నాలుగు మెట్లు. ఒక తాళం డ్రైవర్‌కి ఒంట్లో బాగుండక పడుకుంటే? ఆ సమయానికి తలుపు దానంతటదే తెరుచుకుంటే? గువ్వ సంచీలో ఆమె రోజూ మూడు జతల బట్టలు పెడుతుంది. ఒకటి తడిస్తే ఇంకొకటి, అదీ తడిస్తే మరొకటి. ఒక్క జతతో పిల్లని పంపిన తల్లి ఎవరైనా ఉందా? ఒక్క డ్రైవర్‌తో తలుపుని ఎలా పంపుతారు? పైగా చల్లగది తాళమంటే మాటలా? రాత్రింబవళ్ళు బిగదీసుకుని కూర్చునే రకం.

"ఎందుకైనా మంచిది" అనుకుని ఆ టిక్కు ఉంచేసింది.

మూట కట్టబోతే తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. చోటు చాలదట. ఆవగింజంత ఎక్కువైందట. దేన్నో ఒకదాన్ని తీయాలి. జాబితా పైకీ కిందకీ రెండుసార్లు తిరిగింది. అన్నిటిలోకీ లావుగా కనపడింది గంట మోగించే సౌండ్ డ్రైవర్. గంట ఎందుకు? మధ్యాహ్నం పిల్లలు పడుకున్నప్పుడు గణగణమంటే అందరూ ఉలిక్కిపడి లేస్తారు. క్రెష్ ఆయమ్మ కూడా మొన్న అదే అంది. ఆమె దాన్ని తీసేసింది. మూట సరిపోయింది. అమ్మయ్య అనుకుంది. ఆ రోజు మొత్తంలో ఆమె అలా అనుకున్నది ఆ ఒక్కసారే.

రెండు పెట్టెల్లోకీ మూట ఎక్కించి పరీక్ష గది దగ్గరికి వెళ్ళింది. పెట్టె తలుపుకి బయటివైపు గోడకుంది. రెండే మీటలు: తెరువు అన్నది పచ్చటిది, మూయి అన్నది ఎర్రటిది.

"ఎక్కించాను బాబాయి గారూ!"

"ఆన్ చెయ్!"

ఆన్ చేసింది. తలుపులో ఎక్కడో టక్కుమంది.

"తెరువు నొక్కు!" లోపలినుంచి ఆయన గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టొచ్చింది.

పచ్చటిది నొక్కింది. పెట్టె తెర మీద "తలుపు తెరిచి ఉంది" అని పడింది. పెట్టెలు కూడా అబద్ధమాడతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇక ఆయనే వస్తాడులే అని పక్క గదిలోకి వెళ్ళి క్రెష్ పెట్టెని స్పాంజిలో చుట్టడం మొదలుపెట్టింది.

చుడుతుండగా వినపడింది. దబదబ, దబదబ. గోడ అవతల ఎవరో కొడుతున్నట్టు. మధ్యలో మనిషి గొంతు లాంటిది కూడా.

ఆమె లేవబోయింది. గువ్వ! మరుక్షణం బాబాయి గారి మాట గుర్తొచ్చింది. కదలలేదు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది దగ్గర చప్పుడు నీరసించింది. పది దగ్గర ఆగిపోయింది. అరవై దాటిన మనిషి కొంచెం ఊపిరి పీల్చుకోవాలి కదా అన్నది ఆమెకు ఎలా తోస్తుంది? "నిజమే చెప్పారు మహానుభావుడు" అనుకుని తాడు ముడేసింది.

బయటికొచ్చేసరికి బాబాయి గారి కుర్చీ ఖాళీ. సంచీ లేదు. గొడుగూ లేదు.

"బాబాయి గారేరండీ?"

ఓనరు వాచీ చూసుకుంటున్నాడు. "వెళ్ళిపోయుంటాడు. పొద్దున్నే చెప్పాడుగా. ఒక్క మాటంటే పడడు. పదమ్మా, పది కావస్తోంది."

"నాకు చెప్పకుండానా?"

"నాకే చెప్పలేదు, నీకేం చెప్తాడు? పద పద."

ఆమెకు మనసు చివుక్కుమంది. ఏడాదిపాటు పక్కన కూర్చుని పని నేర్పిన మనిషి, పోయేటప్పుడు "ఇదిగో" అని కూడా అనలేదు. ఓనరు లైట్లు మాత్రం ఆర్పి, మెయిన్ స్విచ్ అలాగే వదిలి, దుకాణానికి తాళం వేసి, తాళాన్ని రెండుసార్లు లాగి చూశాడు. జాగ్రత్త గల మనిషి.

క్రెష్ అంటే ఒకటే పెద్ద గది. వీధివైపు చువ్వలున్న అద్దాల కిటికీ, లోపల చాపలు, తొమ్మిదిమంది పిల్లలు, వాళ్ళందరికీ ఒక్క ఆయమ్మ. ఓనరు పెట్టెని లోపలి గోడకు బిగించాడు. పిల్లలు విప్పకూడదని గుండ్రటి మరలు పెట్టించాడు. వాటిని బిగించడానికి ఏదైనా చాలు గాని, విప్పే సాధనం ఒక్క బాబాయి గారి సంచీలోనే ఉంది. పని పూర్తయ్యాక, వాకిట్లో నిలబడ్డ నలుగురైదుగురు తల్లిదండ్రులకు ఓనరు బయట మెట్టు మీంచి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"అమ్మా, దీని గొప్పతనం ఏంటంటే, కరెంటు పోయినా ఇది పోదు. లోపల బ్యాటరీ ఉంది. ఎనిమిది గంటలు! భూకంపమొచ్చినా ఎనిమిది గంటలు! ఆయమ్మా, తలుపు చేరవేసి ఆన్ చెయ్యి!"

లోపల ఆయమ్మ ఆన్ చేసింది. టక్కుమంది.

"ఇప్పుడు పచ్చమీట నొక్కు. ఠపీమని తెరుచుకుంటుంది, చూడండి."

ఆయమ్మ నొక్కింది. అందరూ చూశారు. తలుపు కూడా వాళ్ళను చూస్తూ ఊరుకుంది.

"గట్టిగా నొక్కు."

"గట్టిగానే నొక్కానయ్యా. తెరిచి ఉందని రాసింది ఇక్కడ."

"తెరిచి ఉంటే మరి తియ్యి."

"రావట్లేదు."

"రాకపోవడమేంటి, తెరిచి ఉన్న తలుపు?"

"అదే నేనూ అడుగుతున్నా. పెట్టె నాదా, నీదా?"

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఉన్నవాళ్ళ ఫోన్లన్నీ ఒక్కసారి కిచకిచలాడాయి. ఆ పెట్టె, తలుపుకి తాళం పడగానే తల్లిదండ్రులకు కబురు పంపాలి. పంపింది. అయితే చల్లగది ప్యాకేజీ ఒంటరిగా రాలేదు, పాత ఇంటినుంచి తన సామానంతా వెంట తెచ్చుకుంది. కబురు ఇలా ఉంది: "సరుకు లోపల ఉంది. చల్లబడుతోంది. తలుపు తీయవద్దు."

చదవగానే అందరూ ఒకేసారి మాట్లాడారు.

"చల్లబడటమేంటి? ఎవరు చల్లబడుతున్నారు?" అంటూ ఒకావిడ కిటికీ చువ్వలు పట్టుకుంది. ఆవిడ నర్సు. డ్యూటీకి వెళ్ళే బట్టల్లోనే ఉంది. ఆవిడ నోట ఆ మాట వినేసరికి మిగతావాళ్ళకు ఉన్న ధైర్యం కూడా పోయింది. ఇళ్ళల్లో, ఆఫీసుల్లో ఉన్న తల్లులకు కూడా కబురు అందింది. పది నిమిషాల్లో సందు నిండిపోయింది. ఎవరో పిల్లల్ని ఫ్రిజ్‌లో పెట్టారన్నారు. ఇంకెవరో, అదేం కాదు, లోపల గ్యాసేదో వదిలారన్నారు. కందకు లేని దురద కత్తిపీటకు అన్నట్టు, పిల్లలే లేని ఒక ముసలాయన అందరికన్నా గట్టిగా ఏడ్చాడు.

ఆమె ఫోను మోగింది. అత్తగారు.

"ఏమేవ్, నా మనవరాలు చల్లబడటమేంటే? ఏం చేశావు?"

"ఏం లేదత్తయ్యా, బానే ఉంది, కిటికీలోంచి కనపడుతోంది."

"కదులుతోందా?"

ఆమె చూసింది. మూలనున్న చాప మీద గువ్వ బోర్లా పడుకుని ఉంది. ఒక చెంప నొక్కుకుపోయి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కదలటం లేదు. ఆ అద్దం గుండా వేలు పెట్టి చూడటానికి లేదు. మిగతా పిల్లలు ఎనిమిదిమందీ తల్లుల్ని చూసి ఏడుస్తున్నారు. ఆ ఎనిమిది ఏడుపులూ ఆమెకు స్పష్టంగా వినపడుతున్నాయి. కావలసిన ఒక్క ఏడుపే వినపడటం లేదు. ఇన్నాళ్ళూ వద్దు వద్దనుకున్న శబ్దం కోసం ఆమె ఇప్పుడు చెవులు రిక్కించి నిలబడింది.

"కరెంటు తీసెయ్యండి!" అన్నారెవరో. తీశారు. లోపల లైట్లూ ఫ్యాన్లూ ఆగిపోయాయి, పెట్టె మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది.

"ఎంతసేపుంటుందండీ ఇది?" అని నర్సు ఓనర్ని అడిగింది.

ఓనరు పొద్దున్నుంచీ గొంతు చించుకుని చెప్పిన అంకెను ఇప్పుడు గొంతులోనే చెప్పాడు. "ఎనిమిది గంటలు."

బాబాయి గారికి ఫోన్ చేశారు. మోగుతోంది, ఎత్తడం లేదు. ఓనరు పదకొండుసార్లు చేశాడు. "చూశావా పొగరు? మనం ఇలా చస్తుంటే ఎక్కడో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటాడు" అన్నాడు. కూర్చోవడం వరకూ నిజమే.

"ఇంతకీ తప్పెక్కడుంది?" అన్నాడొకాయన.

"అంతా డ్రైవర్ వల్లే అయ్యుంటుందండీ" అన్నాడు ఓనరు, చెమట తుడుచుకుంటూ.

గుంపులోంచి ఖాకీ చొక్కా ఒకటి విసురుగా ముందుకొచ్చింది. ఆయన పిల్లాడు కూడా లోపలే ఉన్నాడు. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. "ఏమయ్యా, లోకంలో ఏం జరిగినా డ్రైవర్ మీదకే తోస్తారా? నేను ఇప్పుడే వచ్చాను. ఇంకా నా బస్సు కూడా ఆపలేదు!" నిజంగానే సందు మొదట్లో ఆయన బస్సు నిండా జనంతో గుర్రుగుర్రుమంటోంది. దాని వెనక నిలిచిపోయిన బళ్ళన్నీ హారన్లు కొడుతున్నాయి.

ఆ రభసలో ఆమె ఒక్కతే కదలకుండా నిలబడింది. డ్రైవర్ అన్న మాట వినగానే బాబాయి గారి నోటు పుస్తకం కళ్ళముందు తెరుచుకుంది. ఒక ఒరలో రెండు కత్తులు. ఎవడు ముందు నిద్ర లేస్తే వాడిదే రాజ్యం. పదకొండో టిక్కు.

బాబాయి గారు ఎప్పుడో చెప్పిన పాఠం ఒక్కో ముక్కే గుర్తొచ్చింది. చల్లగది తాళానికి కరెంటిస్తే తెరుచుకుంటుంది. పిల్లల గది తాళం దానికి తలకిందులు. కరెంటిస్తే బిగుసుకుంటుంది, ఆపితే వదిలేస్తుంది. కరెంటు పోయినప్పుడు పిల్లలు లోపల చిక్కుకోకూడదని అలా చేశారు. ఇప్పుడు చల్లగదివాడు ముందు నిద్ర లేచి కూర్చున్నాడు. తెరువు అన్నప్పుడల్లా, పాపం తనకు తెలిసిన పద్ధతిలో, నమ్మకంగా కరెంటిస్తున్నాడు. అంటే ఆయమ్మ ఎంత తెరిస్తే తలుపు అంత మూసుకుంటోంది.

చెబితే, టిక్కు ఎవరు ఉంచారని అడుగుతారు. ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఎనిమిది గంటలు. మింగలేక కక్కలేక ఒకసారి కిటికీలోకి చూసింది. గువ్వ ఇంకా కదలలేదు.

"ఆయమ్మా!" అని అరిచింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలీదు. "ఎర్రది నొక్కు!"

"ఎర్రది మూయి కదమ్మా?"

"అవును, మూయి! మూయి నొక్కు!"

"మూసిన తలుపుని ఇంకా ఏం మూయమంటావమ్మా? మతి పోయిందా? ఇప్పుడే తియ్యలేక చస్తున్నాం!"

"అమ్మాయ్, నువ్వూరుకో" అన్నాడు ఓనరు. "ఎర్రది నొక్కితే పూర్తిగా బిగుసుకుంటే?"

"ఇంతకన్నా బిగుసుకోడానికి ఇంకేముందండీ?" అంది ఆమె. "పచ్చది నొక్కొద్దు, ఎర్రది నొక్కమనండి. మీకు దణ్ణం పెడతాను. తప్పు నాది, పదకొండో టిక్కు నేనే తియ్యలేదు, తర్వాత నన్ను ఏమన్నా అనండి, ముందు ఎర్రది నొక్కమనండి!"

ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కానందువల్లే కాస్త నమ్మారు. "నొక్కవే తల్లీ, ఏదైతే అదైంది" అని నర్సు కిటికీలోంచి కసిరింది. ఆయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, నిప్పు ముట్టుకున్నట్టు ఎర్రమీట ముట్టుకుంది.

టక్కుమంది. తలుపు తెరుచుకుంది. పెట్టె తెర మీద "తలుపు మూసి ఉంది" అని రాసుంది.

తల్లులు వరదలా లోపలికి వెళ్ళారు. ఆమె గువ్వ మీద పడ్డంత పని చేసి ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చటి ఊపిరి. ఇంత గోలలోనూ కదలని పిల్ల, ముక్కు మీద వేలు పడగానే ఉలిక్కిపడి లేచి ఆరున్నొక్క రాగం అందుకుంది. ఆ ఏడుపు వింటూ ఆమె చాప మీద కూలబడి, కచేరీలో కూర్చున్నదానిలా కళ్ళు మూసుకుంది. అత్తగారు ఫోన్లో ఇంకా ఉన్నారు. "ఏడుస్తోందా?" అన్నారు. "ఏడుస్తోందత్తయ్యా" అంది. "హమ్మయ్య" అని ఫోను పెట్టేశారు.

ఉద్యోగం పోయిందనే అనుకుంది. కాని ఓనరు తల తడుముకుంటూ దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఇందాక ఏదో పదకొండన్నావు, నాకు అర్థం కాలేదు. నువ్వు లేకపోతే ఈ రోజు నన్ను ఇక్కడే సున్నంలోకి ఎముక లేకుండా కొట్టేవాళ్ళు. తిరిగి చూడకుండా పోయిన ఆ మనిషికన్నా నువ్వు నయం. సోమవారం నించి ఆ కుర్చీ నీది."

"నాది తప్పండీ. టిక్కు నేనే..."

"అదే మంచి లక్షణం. తెలివున్నవాళ్ళే తప్పు తమ మీద వేసుకుంటారు. ఇక దుకాణానికి వెళ్ళేదేముంది, తాళం వేసే వచ్చాను. ఇంటికెళ్ళి పడుకో. ఆదివారం ఫోన్ చెయ్యొద్దు, నేను ఊళ్ళో ఉండను."

ఆమె పిల్లని భుజాన వేసుకుని వానలో ఇంటికి నడిచింది. పెద్ద ఇంజనీరు కుర్చీ దొరికినందుకు సంతోషం కలగాలి గాని కలగలేదు. బాబాయి గారు అలిగిపోయారన్నదే ముల్లులా గుచ్చుతోంది. దారిలో ఆయన నంబరుకు ఆమె కూడా ఒకసారి చేసి చూసింది. మోగింది, మోగింది, ఊరుకుంది. సోమవారం పొద్దున్నే ఆ పదకొండో టిక్కు తీసెయ్యాలని, లావుగా ఉన్నా సరే గంటని మళ్ళీ పెట్టాలని గట్టిగా అనుకుంది. ఆయన ఉండుంటే చూసి ముక్కు కదిపేవారేమో.

సాయంత్రం గువ్వ ఒళ్ళో నిద్రపోయింది. ఇల్లంతా సద్దుమణిగింది. అప్పుడు, చాలా దూరంనించి, ఆమె చెవుల్లో పొద్దుటి చప్పుడే మళ్ళీ మొదలైంది. దబదబ, దబదబ. ఇదివరకైతే లేచి చెప్పులేసుకునేది. ఇప్పుడు ఆమె ఒకరోజులో చాలా నేర్చుకున్న మనిషి. కదలలేదు. ఒకటి, రెండు, మూడు... పది. చప్పుడు ఆగింది. గుండె కుదుటపడింది. పెళ్ళైన తర్వాత అంత చక్కటి నిద్ర ఆమె ఎప్పుడూ పోలేదు.

ఇక చదివేవాళ్ళకు ఒక్క మనవి. మీలో ఎవరైనా ఆదివారం అటువైపు వెళ్తే, సందు చివర తాళం వేసిన దుకాణం ఒకటి కనపడుతుంది. ఎలాగోలా లోపలికి వెళ్ళి, వెనక స్టోర్ రూము దగ్గర ఒక పెద్దమనిషి ఎలా ఉన్నారో చూసి రండి. అన్నం డబ్బా ఉంది, నీళ్ళున్నాయి, గొడుగు కూడా ఉంది, అయినా ఒకసారి చూడండి. గోడకున్న పెట్టె "తలుపు తెరిచి ఉంది" అంటుంది, నమ్మకండి. ఎర్రది నొక్కండి. లోపలినుంచి ఏదైనా చప్పుడు వినపడితే, దయచేసి పది మాత్రం లెక్కపెట్టకండి.